పాత కారు కమాను కుదుళ్లు



మా ముండ్లమూరు ప్రాంతమున ఇప్పటికిని కొన్ని యిండ్ల వసారాలలో అంబాసిడరు కార్లు నిలిచియున్నవి. కొన్ని నడచుచున్నవి, కొన్ని పట్టాల క్రింద నిద్రించుచున్నవి. ఈ కారు 1957వ సంవత్సరమున వంగదేశమందలి ఉత్తరపారాలో పుట్టినది. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. హిందూస్థాన్ మోటార్సు వారు 2014 మే నెలలో దీని తయారీని నిలిపివేసిరి. కావున నేడు మన కంటబడు అంబాసిడరులలో మిక్కిలి పిన్నవయసుదికూడ పదేండ్లు దాటినదే.

ఇట్టి బండికి యంత్రము చెడినచో యజమానికి వెంటనే తెలియును. ఏలయన బండి కదలదు. నేను నేడు చెప్పబోవు జబ్బు అట్టిది కాదు. బండి కదలుచునే యుండును. పెండ్లికి పోవును, సంతకు పోవును. లోపల మాత్రము కమాను కట్ట ఆనుకొను తావు అరిగియో, తుప్పుపట్టియో క్షీణించుచుండును. దీనిని బాగుచేయుటలో మోసమునకు చాల తావున్నది. మోసపోయిన నాడు పోవునది పైకము మాత్రమే కాదు గనుక, ఇంటిపెద్దలకు ఈ సంగతి కొంత వివరముగా తెలిసియుండవలెనని నా తలంపు.

మొదట కమాను సంగతి. కమాను పారశీకపదము, విల్లని యర్థము. పేరు పెట్టినవాడెవడో గాని చక్కగా పెట్టెను. వంచిన ఉక్కుపట్టీలను ఒకదాని క్రింద నొకటిగా, పొడవు తగ్గించుచు పేర్చి కట్టినచో అచ్చముగా వింటివలె నుండును. అంబాసిడరు వెనుకప్రక్క ఎడమకొకటి, కుడికొకటి ఇట్టి కట్టలు గలవు. కట్ట నడుమ ఇరుసు బిగింపబడును. పైపట్టీ రెండు కొనలును చుట్టబడి కన్నులుగా నేర్పడును. ముందు కన్ను కారు అడుగుభాగమున కదలని తావున ఒక బోల్టుతో బంధింపబడును. వెనుక కన్ను మాత్రము షాకిలు అను చిన్న ఊయలకు తగిలింపబడును. చక్రము గుంటలో పడి లేచునప్పుడు కమాను చదునై కొంచెము పొడవు పెరుగును. ఆ పెరిగిన పొడవునకు చోటిచ్చుటకే ఈ ఊయల. రెండు కొనలను కదలకుండ కట్టినచో కమాను ఒక్కదినము కూడ నిలువదు.

ఈ కన్నులు తగులు తావులను నేను కుదుళ్లని పిలిచెదను. కుండకు కుదురెట్టిదో కమానుకు ఇది యట్టిది. అయితే ఒక భేదమున్నది. కుండ కుదురు బరువును మోసి యూరకుండును. కమాను ముందు కుదురునకు అంతకంటె పెద్ద పనియున్నది. యంత్రము ఇరుసును త్రిప్పగా చక్రములు నేలను వెనుకకు త్రోయును. అందుచే ఇరుసు ముందుకు నెట్టబడును. ఆ నెట్టుడు కమాను ముందు సగము గుండ వచ్చి, ముందు కన్ను బోల్టు ద్వారా కారును నడుపును. ఎద్దుల బలము కాడినుండి నొగద్వారా బండికి చేరునట్లు, అంబాసిడరు నడచు బలమంతయు ఈ రెండు బోల్టుల ద్వారానే శరీరమునకు చేరుచున్నది. బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రముల పట్టు ఇదే త్రోవను ఎదురుదెసగా వచ్చును. బొటనవ్రేలంత బోల్టు, దానికి ఇరుప్రక్కల రెండు చెక్కిళ్లవంటి రేకులు, ఇవే ఆధారము.

బోల్టునకు, కంటికి నడుమ రబ్బరు బుష్షుండును. ఇచ్చట మన పాత అలవాటొకటి కీడు చేయును. ఎద్దుబండి ఇరుసుకు కందెన వేయకున్న చక్రము కీచుమని యేడ్చును గదా. ఆ యలవాటున కారు కమాను కీచుమనగానే నూనె పోయువారున్నారు. రబ్బరునకు కందెన శత్రువు. నూనె త్రాగి యుబ్బి, మెత్తబడి, పిండివలె రాలును. బుష్షు ఎక్కించుటకు సబ్బునీరు చాలును.

బుష్షు పనిచేయు విధము గూడ తెలియవలెను. ముందు కంటిలోని బుష్షునకు సాధారణముగా నడుమ ఒక ఉక్కుగొట్ట ముండును. బోల్టు బిగించినప్పుడు ఆ గొట్టము రెండు చెక్కిళ్ల నడుమ కదలకుండ పట్టుబడును. కమాను ఊగునప్పుడు గొట్టము తిరుగరాదు. రబ్బరే మెలిపడి మరల సర్దుకొనవలెను. బోల్టు వదులైన నాడు గొట్టము తిరుగనారంభించును, బోల్టు ఆడును, ఆడిన బోల్టు చెక్కిలి రంధ్రమును నమలును. గుండ్రని రంధ్రము క్రమముగా గ్రుడ్డువలె నగును. అటుపిమ్మట ప్రతి బ్రేకును ఒక సుత్తిదెబ్బయే. రంధ్రము పెరిగినకొలది దెబ్బ పెరుగును. దెబ్బ పెరిగినకొలది రంధ్రము పెరుగును.

జీపును చూడుడు. 1947 మొదలు మహీంద్రావారు మన దేశమున కూర్చిన విల్లీసు జీపునకు నిచ్చెనవంటి ఉక్కుచట్రము క్రింద వేరుగా గలదు. అంబాసిడరునకు అట్టి చట్రము వేరుగా లేదు. రేకులను పెట్టెలవలె మడచి, అతికి చేసిన శరీరమే దానికి చట్రము. కావున అంబాసిడరున కుదురు చెడుట యనగా ఒక సామాను చెడుట కాదు. దూలము ఆను చోట గోడయే కరగుటవంటిది. దూలము మార్చిన నేమి ప్రయోజనము? క్రొత్త బుష్షులు వేయించితిమి, క్రొత్త కమాను కట్టలు వేయించితిమి, చప్పుడు మాత్రము పోలేదని చెప్పువారిని చూచియున్నాను. కారణమిదియే.

కుదురునకు శత్రువులు రెండు. మొదటిది అరుగుదల, దానిని చెప్పితిని. రెండవది తుప్పు. పశ్చిమ ప్రకాశమున వానలు తక్కువగదా, తుప్పు భయమేల యని యందురేమో. వాన తక్కువైనను రేగడిబురద తక్కువ కాదు. చక్రమెగజిమ్మిన బురద కుదురు వెనుకనున్న పెట్టెలో చేరి, పైన నెండినను లోపల చెమ్మ విడువక నెలలతరబడి నిలుచును. చీరాల, కొత్తపట్నముల వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి తోడగును. పాత కారు కొనువారు అది యెచ్చట తిరిగినదో విచారించుట మంచిది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె చాల ఎక్కువ చోటాక్రమించును. రెండు రేకుల నడుమ పుట్టినచో మొలకెత్తిన రావివలె వానిని విడదీయును. పైన రంగు నిగనిగలాడుచునే యుండును, రేకు ఉబ్బియుండును.

గురుతులు తెలిసికొనుట కష్టము కాదు. బండి కదలునప్పుడు వెనుక ఒక ప్రక్క ‘టక్కు’మనును; బ్రేకు వేసినప్పుడు మరల ‘టక్కు’మనును. తిన్నని రోడ్డుపై స్టీరింగును ఒక ప్రక్కకు పట్టియుంచవలసివచ్చును. వెనుక వచ్చువారికి బండి కుక్క పరుగువలె కొంచెము ఏటవాలుగ పోవునట్లు కనబడును. బోల్టు తలచుట్టు ఎఱ్ఱని పొడి రాలియున్నచో లోపల ఇనుము నలుగుచున్నదని తెలియవలెను. ఇవి యన్నియు కుదురుననే పుట్టునని నేననను. వదులైన యు బోల్టులు, విరిగిన పట్టీ కూడ ఇట్టి బాధలే పెట్టును. కావుననే కొలత వలెను.

ఈ కొలతకు బడిపంతులు చాలును, యంత్రశాస్త్రజ్ఞుడక్కరలేదు. బండిని మట్టమైన సిమెంటు నేలపై నిలిపి, తాపీమేస్త్రీల తూకపుగుండును ముందు కన్నుల బోల్టులనుండి రెండు ప్రక్కల వ్రేలాడదీసి నేలపై బలపముతో గురుతు పెట్టవలెను. ఇరుసుపై రెండు కొనలయందు సరిసమానమైన తావులనుండి అట్లే గురుతులు పెట్టవలెను. బండిని తొలగించినచో నేలపై నాలుగు చుక్కలు మిగులును. ఎదురెదురు భుజములు సమానముగ నున్నవా యని మొదట చూడుడు. అంతతో నాపరాదు. నులక మంచము ఒరిగినప్పుడు కూడ ఎదురెదురు పట్టెలు సమానమే గదా! మూలనుండి మూలకు కొలువవలెను. రెండు కర్ణములు సమానమైననే అది దీర్ఘచతురస్రము. యజ్ఞవేదికలకు త్రాళ్లతో క్షేత్రములు గీచు విధానమును చెప్పిన శుల్బసూత్రములు మనకున్నవి. కర్ణముపై చతురస్రము రెండు భుజములపై చతురస్రములకు సమానమని బౌధాయనుడు చెప్పియున్నాడు. ఆ త్రాడే షెడ్డులో గూడ పనికివచ్చును. ముందు చక్రపు నడిమినుండి వెనుక చక్రపు నడిమికి గల దూరమును కూడ రెండు ప్రక్కల కొలువుడు. అంబాసిడరున కది 2464 మిల్లీమీటర్లు. ఒక ప్రక్క తగ్గి వేరొక ప్రక్క పెరిగినచో ఇరుసు తావు తప్పినదన్నమాట.

ఇక మరమ్మతు. మా బంధువొకరి అంబాసిడరునకు ఎడమ ముందు కుదురు తుప్పుపట్టెను. ఒక షెడ్డువాడు తుప్పురేకును తీయకయే, దానిపై అరచేతి వెడల్పు క్రొత్త రేకు పెట్టి, అంచుల వెంబడి అక్కడక్కడ చుక్కలుగా అతికి, మందముగా నల్లరంగు పూసి పంపెను. చూచుటకు ముచ్చటగా నుండెను. మూడు నెలలు గడచినవి. ఆయన కుమార్తెను పురిటికి తీసికొనివచ్చుటకు పోయి, తిరిగివచ్చుచుండగా దర్శి దాటిన పిదప ఒక మలుపున బ్రేకు వేసిరి. నేనును ముందు సీటున నుంటిని. రేకు చినిగిన చప్పుడు నాకు వినబడినది. ఎడమ ప్రక్క ఇరుసు తావు తప్పగా బండి రోడ్డునకు అడ్డముగా తిరిగి నిలిచెను. ఎదుట లారీ లేదు, వేగము తక్కువ. ఆ కారణముననే ఆ తల్లియు, బిడ్డయు నేడు క్షేమముగా నున్నారు. తరువాత చూడగా క్రొత్త రేకు చెక్కుచెదరలేదు. దానికి ఆధారమైన పాతరేకే కాగితమువలె చినిగినది. ఎంత గట్టి గుడ్డయైనను చివికిన చీరకు మాసికవేసినచో కుట్టు నిలుచునా?

పిమ్మట ఆ బండిని అద్దంకి త్రోవలోని వేరొక మేస్త్రీకి అప్పగించిరి. ఆయన పనిచేసిన నాలుగు దినములును నేనచ్చట కూర్చుండి చూచితిని. మొదట ఆయన అతుకు పెట్టలేదు, సుత్తి పట్టెను. కుండ కొనువాడు వ్రేలితో కొట్టి చూచునట్లు రేకునంతటిని కొట్టి చూచెను. మంచి ఇనుము ఖంగుమనును, చివికినది బొత్తుమనును. బొత్తుమన్నచోటనెల్ల బలపముతో గీతలు గీచెను. నేను జానెడనుకొన్న జబ్బు మూరెడు తేలినది. బుద్ధిమంతుడైన మేస్త్రీ ఈ దశలోనే యజమానిని పిలిచి చూపును. వెల చెప్పవలసినది కూడ ఈ దశలోనే.

తరువాత జాగ్రత్తలు. బండిని జాకీపై మాత్రము నిలిపి క్రిందికి దూరుట ప్రాణాంతకము. గట్టి ఉక్కు స్టాండులను చివకని తావులయందు పెట్టి, ఇరుసును వేరుగా ఆనవలెను. బ్యాటరీ తీగెలు విప్పవలెను. పెట్రోలు తొట్టి వెనుకభాగముననే యుండును గనుక దానిని పూర్తిగా తీసి దూరముగ నుంచవలెను. పెట్రోలు ఖాళీచేసితిమి గదా యని తొట్టిని అచ్చటనే యుంచుట మరింత అపాయము. ద్రవముకంటె ఖాళీ తొట్టిలోని ఆవిరియే ప్రేలును. ముందుప్రక్క జోలికి మాత్రము తెలియనివారు పోరాదు. పాత అంబాసిడరులకు ముందు చక్రములవద్ద కమానులకు బదులు మెలివేసిన పొడవైన ఉక్కుకడ్డీలున్నవి. ఆ మెలియందు నిలువయున్న బలము, బోల్టు విప్పగానే చేయి విరుగగొట్టును.

చివికిన రేకును మెరయు ఇనుము కనబడువరకు కోసివేయవలెను. ఇచ్చట లోభము కూడదు. కోయుటకు ముందు కుదురు ఉండవలసిన తావును నిలుపుకొనవలెను. లేనిచో ఆధారము పోయి తావే తెలియకుండ పోవును. మేస్త్రీ చేసిన ఉపాయము నాకు నచ్చినది. చెడని కుడిప్రక్కను చూచి కొలతలు తీసికొని, ఒక ఉక్కుకడ్డీని రెండు చెక్కిళ్ల రంధ్రముల గుండ దూర్చి, దానిని బండి శరీరమునకు తాత్కాలికముగ బిగించెను. క్రొత్త రేకులు ఆ కడ్డీకి కట్టుబడియున్నవి గనుక, అతుకు వేడికి రేకు ముడుచుకొనినను రంధ్రము తావు తప్పలేదు. అతుకును ఒక్కదెబ్బను వేయలేదు. అంగుళము ఇచ్చట, అంగుళము ఎదుటి అంచున, చల్లారనిచ్చి మరల నొక అంగుళము. ఇట్లు చుట్టు తిరిగి చివరకు ఎడతెగని అతుకుగా ముగించెను. తొందరపడి ఒకే దెసగా అతికినచో రేకు ఎండిన ఆకువలె మెలిదిరుగును.

రేకు మంచిదైయుండి రంధ్రము మాత్రము అరిగినచో ఇంత కోత అక్కరలేదు. రంధ్రమును గుండ్రముగ పెద్దదిచేసి, లేతుపై త్రిప్పిన ఉక్కుగొట్టమును దానిలో నెక్కించి అతికి, లోపల మొదటి కొలతనే నిలుపవచ్చును. లేదా చెక్కిలికి వెలుపల మందమైన ఉక్కుబిళ్ళను, సరియైన రంధ్రముతో, చుట్టు అతుకవచ్చును. రెండు చెక్కిళ్ల రంధ్రములు ఒకే గీతపై నున్నవో లేదో కడ్డీ దూర్చి చూచుట తప్పనిసరి. చేయరాని పనులు మూడు. లావు బోల్టు వేసి తప్పించుకొనరాదు. బుష్షులోని గొట్టమున అది పట్టదు, పట్టునట్లు గొట్టమును తొలిచినచో బుష్షే పాడగును. గ్రుడ్డువలె నైన రంధ్రమును అతుకు కరిగించి నింపి కంటిచూపుతో ఆకురాయి పట్టరాదు. కమాను పట్టీకి మంట తగులనీయరాదు. వేడి సోకిన చోట ఉక్కు పదును పోయి, కొన్నాళ్లకు అక్కడనే విరుగును.

బోల్టు గూడ ఎట్టిదైనను చాలునని తలపరాదు. దాని తలపై 8.8 అను అంకెలు చెక్కియుండవలెను. మొదటి ఎనిమిది దాని తెగుబలమును, రెండవది ఆ బలములో ఎన్ని పదవవంతులవరకు సాగక నిలుచునో దానిని తెలుపును. సాధారణపు ఇనుపకడ్డీకి మరలు కోసి బోల్టని యిచ్చువారున్నారు. దాని తలపై అంకె లుండవు. బడికి పోవు మనుమడిని పిలిచి చదివించినను చాలును.

ఇంగ్లాండున 1960 నుండి పాత కార్లకు ప్రభుత్వ పరీక్ష గలదు. కమాను కుదురునుండి 30 సెంటీమీటర్ల లోపల రేకు తుప్పుచే బలహీనపడినచో బండి తప్పినట్లే. ఆ మేరలో అతికిన రేకునకు చుట్టు ఎడతెగని అతుకుండవలెను. చుక్కలుగా పెట్టిన అతుకు, తయారీయందే అట్లుండిన చోట తప్ప, చెల్లదు. నాకీ నియమము మిక్కిలి వివేకవంతముగ తోచును. మన దేశమున సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియగా, బండిని చూపి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనుచున్నాము. ఏబది యేండ్లు దాటిన కార్లకు 2021లో ప్రత్యేక నియమములు వచ్చినవి. శరీరమును, చట్రమును మార్చక మొదటి రూపముననే నిలిపిన బండికే ఆ గౌరవము దక్కును. కావున తాతగారి కారును నిలుపుకొనగోరువారు కుదురును మొదటి కొలతకు, మొదటి యాకృతికి తెచ్చుటయే మేలు. ఇష్టము వచ్చినట్లు ఇనుపచట్టములు అడ్డముగా అతికించినచో బలము పెరిగినదన్న భ్రమ కలుగును. బరువు వేరొక బలహీనమైన చోట పడి అచ్చట చినుగును.

పెద్దలు షెడ్డుకు పోవలసిన సమయము అతుకు ముగిసిన పిదప, రంగు పూయకముందు. రంగు పూసిన తరువాత మంచిపనికి చెడ్డపనికి భేదము కనబడదు. అతుకు గీత చుట్టు తెగక పోయినదా, పాతరేకు మెరయుచున్నదా, కడ్డీ రెండు రంధ్రముల గుండ తేలికగా దూరుచున్నదా యని కంటితో చూడుడు. చూపుటకు ఇష్టపడని మేస్త్రీతో వాదింపక పైకము మాత్రము నిలుపుడు. ఆ తరువాత జింకు కలిసిన అడుగురంగు, దానిపై మందపు రంగు, పెట్టె లోపల మైనమువంటి తుప్పునిరోధకము వేయింపవలెను. పెట్టె అడుగున నీరు కారుటకు చిన్న రంధ్రము లుండును. మేస్త్రీలు తరచు వీనిని రంగుతో మూసివేయుదురు. తెరపించుడు.

చివరి బిగింపున నొక మెలకువ గలదు. బండి గాలిలో లేచియుండగా, కమాను వ్రేలాడుచుండగా కన్నుల బోల్టులను బిగించినచో, నేలకు దింపగానే రబ్బరు ఎల్లప్పుడును మెలిపడియుండి త్వరలో చినుగును. బోల్టులను చేతితో పట్టించి, బండిని నేలపై దింపి, ఇద్దరు మనుష్యులను వెనుక సీటున కూర్చుండబెట్టి, అటుపై పూర్తిగా బిగింపవలెను. ఐదువందల కిలోమీటర్లు తిరిగిన పిదప ఆ బోల్టులను, యు బోల్టులను మరల నొకసారి పట్టి చూడవలెను. మొదటి వాన కురిసిన మరునాడు చక్రముల వెనుక బురదను నీటితో కడిగించి, ఆ చిన్న రంధ్రములలో పుల్ల దూర్చి చూచుట మరువకుడు.